వంగిన ద్వారబంధం

"కర్టెన్లు వేసెయ్యరా," అంది నా కూతురు తమ్ముడితో.

మధ్యాహ్నం ఎండ టీవీ తెర మీద పడితే బొమ్మకు బదులు మా ముఖాలే కనిపిస్తాయి. వాడు లేచి కర్టెన్లు వేశాడు. కట్టు కట్టిన నా చేతి కింద దిండు పెట్టి, నన్ను సరిగ్గా టీవీకి ఎదురుగా కూర్చోబెట్టారు. అప్పుడే పిచ్చుక తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, నేను..."

"నువ్వు అక్కడే ఉండు. ముందు వీడియో చూస్తాం. మాటలు తర్వాత."

నా కూతురు బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేస్తుంది. ఇంట్లో కూడా మనుషులందరూ దానికి ఆలస్యంగా వచ్చిన డ్రైవర్లలాగే కనిపిస్తారు. పిచ్చుక నోరు మూసుకుని అక్కడే నిలబడిపోయింది.

పిచ్చుక అంటే నన్ను చూసుకోవడానికి ఏజెన్సీ వాళ్లు పంపిన పిల్ల. ఆ పేరు నేను పెట్టిందే. మనిషి గుప్పెడంత, తెల్లవారింది మొదలు ఒకటే కిచకిచ. నాకు స్నానం చేయించేది అదే, జుట్టు దువ్వేది అదే, నా చేత తిట్లు తినేదీ అదే. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. ఈ వయసులో దాన్ని కడుక్కునే ఓపిక నాకు లేదు. తిట్టిన ప్రతిసారీ అది "సరే అమ్మమ్మా, ఇంకా ఏమైనా మిగిలాయా?" అని నవ్వేది. దాంతో నా కోపం కాస్తా నీరుగారిపోయేది.

మొన్న పొద్దున మాత్రం నవ్వలేదు. స్వెటర్ గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టిందని, "నీ చేతులకి బుద్ధి ఎవరూ నేర్పలేదా, మీ అమ్మ నిన్ను గాలికి వదిలేసిందా?" అన్నాను. వాళ్లమ్మ ఊసు నేను ఎత్తాల్సింది కాదు. పిల్ల మొహం మాడిపోయింది. ఆ తర్వాత కాసేపటికే నేను నడవలో పడ్డాను. మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో కూతురు ఎలా పడ్డావని అడిగితే గుర్తున్నది చెప్పాను. "వీపు మీద చెయ్యి పడిందే. ఆ తర్వాత నేల మీదున్నాను." అంతకుమించి నాకేమీ గుర్తు లేదు. దేవుడి మీద ఒట్టు. కూతురు ఆ మాట విని ఊరుకుంది. అది ఊరుకుందంటే మనం భయపడాలి. నడవలో పెట్టిన కెమెరా రికార్డు ఫోనులో చూస్తే మేమిద్దరం చీమల్లా కనిపించామట, ఏమీ తేలలేదట. అందుకే ఆదివారం వచ్చి పెద్ద టీవీ ముందు పంచాయతీ పెట్టింది. ఏజెన్సీ సూపర్‌వైజర్‌కి కూడా ముందే చెప్పింది. కాసేపట్లో ఆవిడ ఫోన్ చేస్తుంది. తోసిందని మనం ఒక్క మాట అంటే చాలు, పిచ్చుక పేరు కొట్టేస్తారు. ముసలివాళ్లున్న ఏ ఇంట్లోనూ దానికి మళ్లీ పని దొరకదు.

నాకు కావలసింది ఒక్కటే. ఆ చెయ్యి నన్ను తోసిందా, లేదా? తోసిందంటే ఇన్నాళ్లూ నా వీపు రుద్దిన చెయ్యే నన్ను చంపబోయిందని అర్థం. ఆ ఆలోచన వస్తే అన్నం దిగడం లేదు నాకు.

ఇక ఈ టీవీ సంగతి చెప్పాలి. నా కొడుకు టీవీలు అమ్ముతాడు. కొట్టు వాడిది కాదు గాని మాటలన్నీ వాడివే. కోటలు కట్టేస్తాడు. "ఇది ఓఎల్ఈడీ అండీ. వెనకనుంచి లైటు కొట్టడం ఉండదు. ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, తనంతట తాను ఆరిపోతుంది. ఆరితే నలుపే, బూడిద రంగు కాదు." నలుపుకి కూడా ఇంత గొప్పలు పోవచ్చని నాకు వాడి వల్లే తెలిసింది. అలాంటిది ఒకటి ఇంటికి తెచ్చి గోడకి తగిలించాడు. మొదటిరోజు సినిమా పెడితే, వీధి మొత్తం పక్కకి తిరుగుతూ చూపించేచోట బొమ్మ టకటకమని కొట్టుకుంది.

"ఒరేయ్, నీ టీవీ నత్తి కొడుతోందిరా," అన్నాను.

"చుక్కలు మరీ చురుకమ్మా," అన్నాడు, అదీ గొప్పే అన్నట్టు. "పాత టీవీల్లో ఒక బొమ్మ పోయేలోగా ఇంకోటి వచ్చి కాస్త అలుక్కుపోయేది. అందుకని తడబాటు తెలిసేది కాదు. ఇది టక్కున మారుస్తుంది. ఉండు, నీకోసం సరిచేస్తా." రిమోట్ తీసుకుని లోపల ఎక్కడో స్మూత్ మోషన్ అనేదాన్ని చివరిదాకా జరిపాడు. అంతే, వీధి నున్నగా సాగిపోయింది. వెన్న రాసినట్టుందిరా అన్నాను. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు వెన్న. ఆ వెన్న గురించి కూడా వాడికో కోట ఉంది. ఇంట్లోంచే ఫోన్లో కొనేవాళ్లకి చెబుతుంటాడు: "మధ్యలో లేని బొమ్మల్ని కూడా ఇదే ఊహించి తయారుచేసి పెడుతుందండీ!" విని విని నాకు కంఠతా వచ్చేసింది.

"పెట్టు," అంది కూతురు.

పెట్టాడు. మా నడవ గోడంత పెద్దదిగా వచ్చింది. ఎడమవైపు దుప్పట్ల అలమర, కుడివైపు నా గది తలుపు, చివర వీధి గుమ్మం. తెల్ల స్వెటర్ వేసుకుని కర్ర పట్టుకుని నేను. నన్ను నేను వెనకనుంచి చూసుకోవడం అదే మొదటిసారి. ఇంత వంగిపోయానా అనుకున్నాను. నా వెనక నాలుగడుగుల దూరంలో పిచ్చుక, ఏజెన్సీ వాళ్లిచ్చిన తెల్ల చొక్కాలో, రెండు చేతులా ఉతికిన దుప్పట్లు మోసుకుంటూ వస్తోంది. నేను నా గది తలుపు దాటుతున్నాను. పిచ్చుక దగ్గరనుంచి తెల్లటి చెయ్యి ఒకటి నెమ్మదిగా, తొణక్కుండా ముందుకు సాగింది. సాగి నా వీపును తాకింది. నేను ముందుకు ఒరిగాను.

కూతురు అక్కడ ఆపించింది. వంటింటి కొళాయి ఒక్కటే చుక్క చుక్క కారుతోంది.

"మళ్లీ పెట్టు," అన్నాను.

మళ్లీ పెట్టాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా. మళ్లీ అదే చెయ్యి. తొందరపడి చాపిన చెయ్యి కాదు, తడబడిన చెయ్యి కాదు. కావాలని చాపిన చెయ్యే. వాళ్లమ్మనన్నానని కడుపులో పెట్టుకుని, వీపు తిప్పగానే తోసేసిందన్నమాట! కోపం అలా వచ్చిందో లేదో, దాని వెనకే ఏడుపు తన్నుకొచ్చింది. తిట్టేదాన్నేగాని, నాకు అదంటే ప్రాణం. కూతురు పండగకీ పబ్బానికీ వస్తుంది, కొడుకు రాత్రికి వస్తాడు. పగలంతా నాకు మనిషంటే పిచ్చుకే.

"కంచే చేను మేసిందమ్మా," అంది కూతురు. "ఈ మొహం చూస్తే ఎవరైనా అనుకుంటారా? కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి."

కొడుకు రిమోట్ వంక చూస్తూ, "నమ్మలేకపోతున్నానక్కా," అని గొణిగాడు.

"కళ్లారా చూశావు కదరా! ఇంకా ఏం కావాలి నీకు?"

నేను తల తిప్పి గుమ్మం వైపు చూడలేదు. చూడాలని అనిపించలేదు కూడా. అక్కడినుంచి టీవీ కనిపించదు. మా మాటలు మాత్రం పిచ్చుకకి వినిపిస్తాయి.

ఫోన్ మోగింది. కూతురు పేరు చూసి, "ఏజెన్సీ," అంది. లేచి నిలబడింది. "హలో, ఆ, చెప్పండి. చూశామండీ. ఒక్క నిమిషం లైన్లో ఉండండి." ఫోన్ అరచేత్తో మూసి నా వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు ఊ అంటే చెప్పేస్తాను."

ఊ అనడానికి నోరు తెరిచాను గాని, "ఇంకొక్కసారి చూస్తానే," అన్నాను.

"ఎన్నిసార్లు చూసినా అదే కదమ్మా!"

"పడింది నేను. ఎన్నిసార్లు చూడాలో నేను చెబుతాను. పెట్టరా."

ఈసారి చెయ్యి వైపు చూడలేకపోయాను. అది నన్ను ముట్టుకోవడం చూసే ధైర్యం లేక కళ్లు పక్కకి తిప్పుకున్నాను. పక్కన నా గది తలుపు ఉంది. ఉతికిన దుప్పట్లు పట్టుకుని పిచ్చుక ముందుకు కదిలింది, తెల్ల చెయ్యి సాగింది. ఆ చెయ్యి దాటుతుండగా నా గది ద్వారబంధం, నిటారుగా ఉండాల్సిన టేకు ద్వారబంధం, తడిబట్టలాగా మెలిక తిరిగి, చెయ్యి దాటాక మళ్లీ నిటారుగా నిలబడింది.

పని చేసినన్నాళ్లూ బట్టలు కత్తిరించి పొట్టపోసుకున్నదాన్ని నేను. గీత వంకర పోతే నా కన్ను ఊరుకోదు.

"ఆపు! వెనక్కి పోనీ. ఆ, అక్కడ. ఒరేయ్, మన ద్వారబంధం ఎప్పుడు వంగిందిరా?"

"ఏ ద్వారబంధం?"

"నీ తలకాయలో ద్వారబంధం! నా గదిది. చూడు."

కూతురు విసుక్కుంది. "అమ్మా, ఆవిడ లైన్లో ఉంది. ఇప్పుడు తలుపుల గొడవెందుకు? చెయ్యి చూడు!"

"తలుపు వంగడం అబద్ధమైతే, దాని పక్కనున్న చెయ్యి మాత్రం నిజమెలా అవుతుందే?"

కొడుకు తెర దగ్గరికి వెళ్లి ముక్కు ఆనించినంత పని చేశాడు. బొమ్మను ముందుకీ వెనక్కీ జరిపాడు. ద్వారబంధం వంగింది, లేచింది, వంగింది. వాడి మొహం చూశాను. దొంగకు తేలు కుట్టినట్టు అయిపోయింది.

"ఏమిట్రా?"

నీళ్లు నమిలాడు. "అమ్మా... అది... వెన్న."

"గట్టిగా చెప్పు. మీ అక్కకి వినపడాలి."

"ఆ కెమెరా చవకది, అక్కా. బొమ్మకీ బొమ్మకీ మధ్య చాలా ఖాళీ వదిలేస్తుంది. ఆ ఖాళీలో ఏం జరిగిందో అందులో లేదు. టీవీయే... మధ్యలో లేని బొమ్మల్ని..."

"ఊహించి తయారుచేసి పెడుతుందండీ!" నేనే పూర్తిచేశాను. "రోజూ ఊరందరికీ చెప్పి అమ్ముతావు కదరా! నీ ఇంట్లో నువ్వే మరిచిపోయావా? నీ సరుకు నువ్వే కొనుక్కున్నావా?"

"గుర్తు రాలేదమ్మా," అన్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "అంత నున్నగా కనిపిస్తుంటే ఎలా గుర్తొస్తుంది?"

ఫోన్లోంచి సన్నగా హలో, హలో అని వినిపిస్తోంది. కూతురు ఫోన్ చెవికి పెట్టుకుంది. "అలాగే ఉండండి మేడమ్, ఇప్పుడే చెప్తాను." తమ్ముడి వైపు తిరిగి, "అది తీసేస్తే ఏముంటుందో చూపించు. అప్పుడు కూడా తోసినట్టే ఉంటే మాత్రం నేనెవరి మాటా వినను," అంది.

అదే నా భయం కూడా. వెన్న తీసేస్తే నిజంగా ఏముంటుంది? చెయ్యి నా వీపు మీద పడిన మాట నిజం. నాకు గుర్తుంది. ఆ అరచేతి వేడి కూడా గుర్తుంది. కొడుకు రిమోట్ నొక్కుతుంటే తెర మీద సెట్టింగుల పేజీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. స్మూత్ మోషన్ అన్నచోట గీతను చివరినుంచి మొదటికి లాగాడు.

పెట్టాడు. నత్తి బొమ్మ. ఒక బొమ్మ: నేను నిలబడి ఉన్నాను, పిచ్చుక వెనక ఉంది, రెండు చేతులా దుప్పట్లు. టక్కున ఇంకోటి: నా మోకాలు మడత పడింది, కర్ర ఒక పక్కకి పోయింది, తల వాలిపోయింది. పిచ్చుక చేతుల్లో దుప్పట్లు అలాగే ఉన్నాయి. రెండు చేతులూ వాటి కిందే ఉన్నాయి. టక్కున ఇంకోటి: దుప్పట్లు గాల్లో ఉన్నాయి. అప్పుడు వచ్చింది చెయ్యి నా వీపు మీదికి. స్వెటర్ గుప్పిట్లో పట్టుకుని వెనక్కి లాగుతోంది.

నేను ముందే పడుతున్నాను. చెయ్యి తర్వాత వచ్చింది.

తెల్ల దుప్పటి, తెల్ల చొక్కా, తెల్ల స్వెటర్. ఏ ముక్క ఏ బట్టదో తెలియక ఆ టీవీ పెట్టె అన్నిటినీ కలిపి చెయ్యిలా కుట్టేసింది. నా దగ్గర పని నేర్చుకునేవాళ్లు అలా కుడితే వేళ్ల మీద కొట్టేదాన్ని.

"ఆపకు, పోనీ," అన్నాను. ఇంతసేపూ తోసినట్టున్న చోటే ఆపేస్తూ వచ్చాం. ఆ తర్వాతది ఒక్కళ్లం కూడా చూడలేదు. టక్కున చివరి బొమ్మ వచ్చింది. ఇద్దరం నేల మీదున్నాం. నా తల నేలకి తగల్లేదు. పిచ్చుక మోచెయ్యి మీద ఉంది. మోచెయ్యి నేలకి, నా తలకి మధ్య ఇరుక్కుని ఉంది. ఆ మోచేతికి అది ఇంట్లో దొరికిన గుడ్డ చుట్టుకుని తిరుగుతుంటే, ఏమైందే అని నేను అడగనైనా లేదు.

కూతురు కుర్చీలో కూలబడింది. ఫోన్లో, "ఏం లేదు మేడమ్. పొరపాటు మాదే. అమ్మకి మోకాలు మడత పడింది. ఆ అమ్మాయే పట్టుకుంది," అని పెట్టేసింది. మొండిదే గాని, తప్పు ఒప్పుకోవాల్సి వస్తే నసగదు. ఆ గుణం నాది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "పిచ్చుకా! ఇలా రావే!" అని అరిచాను. పెళ్లిపిలుపంత సంబరంగా పిలిచాను.

వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, తడి మాత్రం లేదు. కొడుకు ఎదురెళ్లి, "నీ తప్పేం లేదమ్మా, అంతా తేలిపోయింది. టీవీ చేసిన పొరపాటు," అన్నాడు.

"టీవీ ఏం చేసిందన్నా, పాపం," అంది. "నేను ఇక్కడే నిలబడి ఉన్నాను కదా. ఏం జరిగిందని నన్నెవరూ అడగలేదు."

కూతురు తల దించుకుంది. పిచ్చుక నా వైపు చూసింది. "మీరు కూడా అడగలేదమ్మమ్మా."

నా నోటికి ఊళ్లో పేరుంది. ఎవరేమన్నా ఎదురు మాట రెడీగా ఉంటుంది. ఆ పూట ఆ నోరే తప్పు ఒప్పుకుంది.

"తప్పయిపోయిందే," అన్నాను.

"ఏజెన్సీకి ఫోన్ చేసి వేరే ఇల్లు ఇమ్మంటాను. రేపట్నుంచి మీకు ఇంకో అమ్మాయి వస్తుంది."

"అంత కోపమా?"

"కోపం లేదు. మీ తిట్లకే రాలేదు కోపం, దీనికొస్తుందా?" నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "భయం. రేపు మీరు మళ్లీ పడబోతే, చెయ్యి చాపాలా వద్దా అని ఆలోచిస్తాను. ఆ కాస్త ఆలోచనలో మీరు పడిపోతారు. అలా ఆలోచించే మనిషి మీ వెనక నడవకూడదమ్మమ్మా."

ఉండవే అన్నాను. కూతురు కూడా అంది. దాని చేతులు పట్టుకుని మరీ అడిగింది. పిచ్చుక సరే అనలేదు, కాదని కూడా అనలేదు. నా జుట్టు దువ్వి జడ అల్లింది. సాయంత్రం వేసుకోవాల్సిన మాత్రలు తీసి గిన్నెలో పెట్టింది. స్వెటర్ గుండీలు విప్పి, ఒక్కొక్కటీ చూసుకుని మళ్లీ పెట్టింది. ఒక్కటి కూడా తప్పలేదు. తప్పి ఉంటే బాగుండును, తిట్టడానికి నాకో వంక దొరికేది. ఆ తర్వాత తన సంచి తీసుకుని, "వెళ్లొస్తానమ్మమ్మా," అంది. నేను ముందు గదిలోనే టీవీకి ఎదురుగా ఉండిపోయాను. లేచి నడవలోకి వెళ్లి దాని వీపు చూసే మొహం నాకు లేదు.

తలుపు చప్పుడు వినిపించింది. కూతురు వంటింట్లోకి వెళ్లి, పిచ్చుక సగంలో వదిలేసిన గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

"ఒరేయ్," అన్నాను కొడుకుతో. "ఇందాక అది వెళ్లడం ఆ కెమెరాలో ఉంటుందా?"

"ఉంటుంది. ఎందుకమ్మా?"

"పెట్టు."

పెట్టాడు. అలమర దగ్గర పిచ్చుక, భుజాన సంచి. టక్కున నడవ మధ్యలో. టక్కున వీధి గుమ్మం దగ్గర, వీపు ఇటువైపే. టక్కున ఖాళీ నడవ. అంతే. నడవ మధ్యకీ గుమ్మానికీ నడుమ ఒకసారి ఆగిందేమో, వెనక్కి తిరిగి నేనున్న వైపు చూసిందేమో. ఆ ఖాళీలో ఏమైనా జరిగి ఉండొచ్చు కదా. చూసే ఉంటుంది. నన్ను అంత చూసుకున్న పిల్ల, ఒక్కసారైనా తిరిగి చూడకుండా వెళుతుందా?

"వెన్న రాయరా," అన్నాను.

"అమ్మా, అది లేనిది చూపిస్తుంది. ఇందాకే కదా..."

"ఆ లేనిదే చూపించరా. అడుగుతున్నాను కదా!"

వాడు నా మొహం వైపు చూశాడు. రిమోట్ తీసుకుని గీతను చివరిదాకా జరిపాడు.

పిచ్చుక అలమర దగ్గరినుంచి బయల్దేరింది. నడవంతా నున్నగా, ఎక్కడా ఆగకుండా, ఎటూ తిరగకుండా నడిచి గుమ్మం దాటి వెళ్లిపోయింది. అది పక్కనుంచి వెళుతున్నప్పుడు నా గది ద్వారబంధం మాత్రం కాస్త వంగింది.